సంఘానికి ఏది మేలు: వాట్సాప్ గ్రూపా, మిస్డ్ కాల్ లైనా, సొంత రేడియోనా?

తండాల్లో, గూడేల్లో పనిచేసే చిన్న సంస్థల వాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "మహిళా సంఘాల కోసం ఒక యాప్ చేయిద్దామనుకుంటున్నాం, ఏమంటారు?" యాప్ సంగతి ముందే తేల్చేస్తాను, వద్దు. డౌన్‌లోడ్, ఓటీపీ, అప్‌డేట్ అంటూ సగం మంది మొదటి వారంలోనే జారిపోతారు. డబ్బులిచ్చిన దాతలకు చూపించడానికి మాత్రం బాగుంటుంది. పోల్చి చూడాల్సినవి మిగతా మూడు: వాట్సాప్ గ్రూపు, మిస్డ్ కాల్ లైను, సొంత రేడియో.

ఏది ఎంచుకోవాలన్నా నేను ముందు అడిగేది ఒకటుంది: ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్నవాళ్లు తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లయితే తెలంగాణలో 27 శాతం లోపే, ఆంధ్రాలో 21 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ పేద ఇళ్లలో టచ్ ఫోన్ చాలాసార్లు కొడుకు దగ్గరో మొగుడి జేబులోనో ఉంటుంది. ఆమెకంటూ ఉంటే గింటే బటన్ ఫోన్.

వాట్సాప్‌కు అదనపు ఖర్చు లేదు. చదువు రాకపోయినా వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు. సంఘం లీడర్లు, ఆశా వర్కర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఇది చాలు. అయితే మొగుడి ఫోన్లోంచి ఆమె సంఘం అప్పు సంగతి మాట్లాడగలదా? సర్పంచ్ కూడా అదే గ్రూపులో ఉంటే ఉపాధి కూలి పడలేదని ఎవరు పెడతారు? పెట్టినా గుడ్ మార్నింగ్ పూల బొమ్మల కింద పడిపోతుంది.

మిస్డ్ కాల్ లైన్‌కు బటన్ ఫోన్ చాలు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర దీనికి మంచి ఉదాహరణ. మిస్డ్ కాల్ ఇస్తే కంప్యూటరే తిరిగి ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కితే మన మాట రికార్డు అవుతుంది, రెండు నొక్కితే ఇతరులు చెప్పినవి వినొచ్చు. గోండిలో కూడా మాట్లాడొచ్చు. రికార్డయిన వాటిని మోడరేటర్లు విని, సరిచూసి బయటపెడతారు. నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి భాగం. పింఛను రాలేదనో, బోరింగు పాడైందనో చెప్పిన మనిషి చివర్లో సంబంధిత అధికారి నంబరు కూడా చెబుతారు. విన్నవాళ్లు, ఎక్కడో నగరాల్లో ఉన్నవాళ్లతో సహా, ఆ అధికారికి ఫోన్లు చేస్తారు. పది ఊళ్ల నుంచి ఫోన్లొస్తే ఫైలు కదలక ఏం చేస్తుంది!

రేడియో మీద నాకు గౌరవం ఎక్కువ. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో ప్రారంభించారు. మైకు, ఎడిటింగ్ అన్నీ వాళ్లవే, మాట్లాడేది వాళ్ల తెలుగులోనే. వినడానికి ఎవరి ఫోనూ అడుక్కోనక్కర్లేదు. కాకపోతే లైసెన్సు కోసం ఏళ్లు తిరగాలి, స్టూడియో, టవర్ కావాలి, సొంత వార్తలు చెప్పడానికి అనుమతి లేదు. పదేళ్లు అక్కడే ఉండిపోయే సంస్థకైతే సరే. సిగ్నలే అందని గూడెమైతే ప్రొజెక్టర్ మీద స్థానికంగా తీసిన వీడియోలు వేసి, మధ్యమధ్యలో ఆపి మాట్లాడించే పద్ధతి, డిజిటల్ గ్రీన్ అనే సంస్థది, ఉండనే ఉంది.

నా ఓటు మిస్డ్ కాల్ లైనుకే. ఆదిలాబాద్ గోండి గూడేలకైనా, లంబాడీ తండాలకైనా ముందు అదే చెబుతాను. ఇందులో తిరుగు కాల్స్ ఖర్చు సంస్థదే. దానికి మించిన ఖర్చు మనిషిది: రోజూ రికార్డింగులు విని, ఆ భాషలోనే తిరిగి మాట్లాడి, మండలాఫీసు వెంటపడే ఒక మనిషి. ఆ జీతం బడ్జెట్‌లో లేకపోతే లైన్ మొదలుపెట్టకండి, ప్రస్తుతానికి లీడర్ల వాట్సాప్ గ్రూపుతో సరిపెట్టుకోండి.