టర్నర్ తుపాను సముద్రం: గీతల ప్రింటా, మెజోటింటా – ఏది మేలు?

ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ సముద్రపు బొమ్మల్లో పాత ప్రింట్ ఒకటి కొనాలంటే రేకు మీద గీతల్లో చెక్కినది మంచిదా, రేకుని గరుకు చేసి వెలుగునీడలు తీసే మెజోటింటా అని చాలామంది అడుగుతున్నారు. ఈమధ్యే లండన్‌లో పాత ప్రింట్లు అమ్మే ఒక కొట్లో రెండూ పక్కపక్కన పెట్టి, భూతద్దంతో గంటసేపు చూసి ఒకటి కొన్నాను.

మెజోటింట్, టర్నర్ తెచ్చిన ప్రింట్ల వరస 'లైబర్ స్టూడియోరమ్'లోని యార్క్‌షైర్ తీరం, 1811 నాటిది. రూపురేఖలు టర్నరే ఎచింగ్ చేశాడు, అంటే యాసిడ్‌తో రేకు మీద గీతలు దింపాడు; మెజోటింట్ పని విలియం సే అనే ఆయనది. ఇందులో రాగి రేకునంతా ముందు గరుకు చేస్తారు. అలాగే సిరా పట్టించి అచ్చేస్తే కాగితమంతా చీకటే. వెలుగు కావాల్సిన చోటల్లా గీకి నున్నగా చేస్తూ పోతారు. తుపాను మబ్బుకి ఇంతకంటే తగిన పద్ధతి నాకు తెలీదు.

రెండోది గీతల ప్రింట్: ఇంగ్లండ్ నైరుతి కొసన లాండ్స్ ఎండ్ దగ్గరి లాంగ్‌షిప్స్ లైట్‌హౌస్, 1836లో డబ్ల్యూ. ఆర్. స్మిత్ చెక్కింది. ఇందులో చెక్కిన గీతల్లోనే సిరా నిలుస్తుంది, కాబట్టి ఇక్కడ నురగంటే గీత పడని ఉత్త కాగితమే. భూతద్దంలో చూస్తే, ముందుకొచ్చే అల, వెనక్కి మళ్ళే నీళ్ళు గుద్దుకునే చోట గీతలు దిశ మార్చుకుంటాయి. దూరంగా దీపం ఉన్న చోటునీ తెల్లగా వదిలేశాడు. చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

అందంలో ఏదీ తక్కువ కాదు. నా లెక్కలో తేల్చేది రేకు అరుగుదల. మెజోటింట్ గరుకు చాలా సున్నితం. ప్రెస్సులో పెట్టిన ప్రతిసారీ కొంచెం అణిగిపోతుంది. మొదట్లో తీసిన కాపీల్లో మఖమల్‌లా ఉండే చీకటి తర్వాతి వాటిలో వెలిసిపోతుంది. మన బడ్జెట్‌కి దొరికేవి ఎక్కువగా అవే. ఆ కొట్లో ఉన్నదీ అంతే, మబ్బు చప్పబడి వాన వెలిసిన సాయంత్రంలా ఉంది. చెక్కిన గీతకి లోతుంటుంది కాబట్టి అదీ రాగి రేకే అయినా ఎక్కువ కాపీలకి నిలబడుతుంది. అందుకే లాంగ్‌షిప్స్ తెచ్చుకున్నాను.

కొత్తగా వేసే డిజిటల్ ప్రింట్లు గోడ నింపడానికి సరిపోతాయి, భూతద్దం పెడితే చుక్కలే కనబడతాయి.

కానీ ఎక్కడైనా యార్క్‌షైర్ తీరం తొలి కాపీ కంటబడితే, బొమ్మలో అన్నిటికన్నా ముదురుగా ఉన్న మూలని వెలుతురులో పెట్టి చూడండి. అక్కడ చీకటి ఇంకా చిక్కగా ఉండి, చేతిలో డబ్బు కూడా ఉంటే, నేను చెప్పిందంతా పక్కనపెట్టి అదే తీసుకోండి.