క్యోటోలో ఒక్క ఉదయం: గింకకుజీనా, హోనెన్‌ఇన్‌నా?

ఈ రెండు బౌద్ధ ఆలయాలూ జపాన్‌లోని క్యోటో నగరం తూర్పు కొండల కిందే, సాక్యో వార్డులో ఉన్నాయి. ఒకదాన్నుంచి మరోదానికి పది నిమిషాల నడక. ఒకటే చూసే వీలుంటే నా మాట హోనెన్‌ఇన్‌కే.

గింకకుజీ పేరున్న గుడి. 1482లో మాజీ షోగన్ (జపాన్ సైనిక పాలకుడు) అషికాగా యోషిమాసా తన విశ్రాంతి కోసం మొదలుపెట్టిన భవనమది, తర్వాత జెన్ బౌద్ధ శాఖ ఆలయమైంది. పేరులో వెండి (‘గిన్’) ఉంది కానీ గోడలకు వెండి రేకు లేదు. ఇసుకను కొస తీసేసిన శంఖువులా పోసిన దిబ్బ, నాచు పరుచుకున్న తోట చాలా అందం. టికెట్ ఉంది, జనం ఉంటారు, వరుసలో కదలాలి.

హోనెన్‌ఇన్ దగ్గర ఆ తొందరే లేదు. ఇళ్ల మధ్య సందు, చెట్ల నీడ, గడ్డి కప్పిన చిన్న ద్వారం. ప్రాంగణానికి టికెట్ లేదు. ద్వారం దాటగానే రెండు వైపులా తెల్ల ఇసుక తిన్నెలు. వాటిపై గీసే బొమ్మలు ఋతువును బట్టి మారతాయి. ఆ రెంటి మధ్య నడిస్తే మనసూ శరీరమూ శుద్ధి అవుతాయని నమ్మిక. లోపల కొలువున్నది అమిదా బుద్ధుడు, అంటే మన సంస్కృతంలోని అమితాభుడే! ఆయన ముందు రోజూ 25 తాజా పూలు పరుస్తారు, 25 మంది బోధిసత్వులకు (బుద్ధత్వం వైపు సాగే పుణ్యమూర్తులకు) గుర్తుగా. అయితే ప్రధాన మందిరం ఏడాదిలో కొన్ని రోజులే తెరుస్తారు. మిగతా రోజుల్లో ప్రాంగణంతోనే సరిపెట్టుకోవాలి.

పొద్దున్నే వెళ్లండి, గొంతు తగ్గించండి. పక్కనే సమాధులున్నాయి, అయినవాళ్ల కోసం వచ్చేవాళ్లుంటారు.