కోళ్ల గూటికి ఆటోమేటిక్ తలుపు: రకూన్ వేళ్లకు లొంగనిది ఏది?

ఉత్తర అమెరికాలో పెరట్లో కోళ్లను పెంచేవారికి రాత్రిపూట ఎదురయ్యే శత్రువులలో, పిల్లికన్నా కాస్త పెద్దదైన రకూన్ అనే అడవి జంతువుది ప్రత్యేకమైన స్థానం. నక్కకు పళ్లున్నాయి, గుడ్లగూబకు గోళ్లున్నాయి. రకూన్‌కు వాటితోపాటు పనితనం తెలిసిన వేళ్లున్నాయి. ముందు పాదాలకు అయిదేసి పొడవైన వేళ్లు, చీకటిలో తడిమి వస్తువు ఆకారాన్ని పసిగట్టగల స్పర్శజ్ఞానం, ఒకసారి ఫలించిన ఉపాయాన్ని మరచిపోని జ్ఞాపకశక్తి దాని బలాలు. 1907లో హెచ్. బి. డేవిస్ ప్రచురించిన ప్రయోగాలలో, క్లిష్టమైన 13 గడియలలో 11 గడియలను రకూన్లు తెరవగలిగాయి. అందువల్ల కోళ్ల గూటి కోసం అమ్మే ఏ వస్తువునైనా అది ఎంత గట్టిదన్న లెక్కన కాక, వేళ్లతో దానిని ఏం చేయవచ్చు అన్న ప్రశ్నతోనే పరీక్షించాలని నేను గట్టిగా నమ్ముతాను. మా గూటికి బిగించి, ఒక చలికాలమూ ఒక వేసవీ వాడిన ఆటోమేటిక్ తలుపును ఈ సమీక్షలో ఆ ప్రశ్నతోనే పరిశీలిస్తున్నాను. దాదాపు ఇదే నిర్మాణంతో పలు సంస్థలు తలుపులు అమ్ముతున్నాయి కనుక, పేరును బట్టి కాక లోపలి అమరికను బట్టి ఎంచుకోవడమే మేలు.

ఈ తలుపు అల్యూమినియం రేకుతో చేసినది. ఇరువైపులా ఉన్న గాడుల మధ్య నిలువుగా పైకీ కిందికీ జరుగుతుంది. దీని అసలు గొప్పతనం తలుపును నడిపే మరచుట్ల కడ్డీలో, అంటే స్క్రూలా చుట్లున్న కడ్డీలో ఉంది. చవక రకాలలో తలుపును ఒక తాడు పైకి లాగుతుంది, దించేటప్పుడు అది తన బరువుతోనే కిందికి జారుతుంది. అలాంటి తలుపు మూసుకున్నా బిగుసుకున్నట్టు కాదు, ఎందుకంటే కింది అంచు సందులోకి వేళ్లు దూరిస్తే రేకు పైకి లేస్తుంది, తాడు వదులవుతుంది, రకూన్‌కు అంతకన్నా కావలసింది లేదు. మరచుట్ల కడ్డీ ఉన్న తలుపులో మోటారు తిరిగితేనే రేకు కదులుతుంది. కింది నుంచి ఎంత ఎత్తినా ఆ ఒత్తిడికి కడ్డీ వెనక్కి తిరగదు. దీనిని నేను చేత్తో బలంగా ఎత్తి చూశాను, కదలలేదు. కింది అంచు గడప మీద ఆగిపోకుండా ఒక చిన్న గాడిలోకి దిగడం మరో మంచి ఏర్పాటు. దానివల్ల వేలు దూరే సందే మిగలదు. కొనేవారు మొదట చూడవలసినవి ఈ రెండే.

వేళకు మూసుకోవడం విషయానికి వస్తే, ఇందులో వెలుతురును గుర్తించే సెన్సర్, టైమర్ రెండూ ఉన్నాయి. కోళ్లు పొద్దుగూకే వేళకు తమంతట తామే గూటికి చేరి, కర్రలెక్కి కూర్చుంటాయి. చీకటి పడ్డాక వాటికి చూపు సరిగా ఆనదు, పారిపోయే ప్రయత్నం కూడా చేయలేవు. కనుక మనిషి ఇల్లు చేరడం ఆలస్యమైన ఒక్క సాయంత్రం చాలు, ఆ మంద మొత్తం ప్రమాదంలో పడడానికి. ఆ భయాన్ని ఈ తలుపు నిజంగా తీర్చింది. అస్తమయ వేళ రుతువుతోపాటు మారుతున్నా సెన్సర్ దానిని అనుసరిస్తూనే వచ్చింది; టైమరును తరచుగా దిద్దుకోవలసిన పని పడలేదు. అయితే బాగా మబ్బు పట్టిన సాయంత్రాలలో అది తొందరపడుతుంది. ఆఖరున వచ్చే పెట్ట బయట చిక్కుకుపోకుండా, వెలుతురు తగ్గిన తరువాత మరికొంతసేపు ఆగి మూసుకునే అమరికను తప్పకుండా వాడాలి. వరండా దీపం వెలుగు సెన్సర్ మీద పడితే తలుపు మూసుకోకుండా ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది. బిగించే చోటును పగటిపూట కాక చీకటి పడ్డాక చూసి నిర్ణయించుకోవాలి.

తెరుచుకునే వేళను మాత్రం వెలుతురుకు వదిలిపెట్టవద్దని నా సలహా. వేసవిలో తెల్లవారుజామునే వెలుగు వస్తుంది, అప్పటికి రకూన్లు ఇంకా తిరుగుతూనే ఉండవచ్చు. పిల్లల తల్లులైతే మేత కోసం పగటివేళ కూడా బయటికి వస్తాయి. కాబట్టి మూయడం సెన్సరుకూ, తెరవడం బాగా పొద్దెక్కిన వేళకు పెట్టిన టైమరుకూ అప్పగించడం క్షేమం. ఈ తలుపు ఆ రెంటినీ కలిపి వాడుకోనిస్తుంది. కొన్ని రకాలు ఏదో ఒకదానినే ఎంచుకోమంటాయి.

నాకు అసంతృప్తి కలిగించింది భద్రత కోసం పెట్టిన ఏర్పాటే. తలుపు దిగుతుండగా ఏదైనా అడ్డు తగిలితే మోటారు ఆగి, రేకు మళ్లీ పైకి పోతుంది. కోడి మెడ నలగకుండా ఉండడానికి ఇది అత్యవసరం. కాని గడప గాడిలో ఎండుగడ్డి లేదా రంపపు పొట్టు చేరినా అది అడ్డు కిందే లెక్క. కొంతసేపటికి తలుపు మరోసారి ప్రయత్నిస్తుంది, అప్పటికీ అడ్డు తొలగకపోతే తెరిచే ఉండిపోతుంది. ఆ సంగతి తెలిపే చిన్న ఎర్ర దీపం పెట్టె మీద ఉంది కాని, ఇంటి కిటికీలోంచి కనిపించేంత వెలుగు దానికి లేదు. రకూన్ కోసం కొన్న వస్తువులో ఇది చిన్న లోపం కాదు. గూటి నేల మీద పరిచిన పొట్టు కంటే గడప జానెడు ఎత్తున ఉండేలా బిగిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది, అయినా రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూసి రావడం మానకూడదు.

బ్యాటరీల గురించి ఒక్క మాట: గడ్డకట్టే చలిలో ఆల్కలైన్ బ్యాటరీల సత్తువ బాగా తగ్గుతుంది, లిథియం రకం నిలుస్తుంది. ఫోన్ నుంచి నడిపే యాప్ ఉంది. అది లేకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు ఈ తలుపు చేయలేని పని గురించి. మూసిన తలుపు దగ్గర ఓడిపోయిన రకూన్ ఇంటికి పోదు, గూటి చుట్టూ తిరిగి ప్రతి సందునూ తడుముతుంది. సన్నని తీగతో ఆరుకోణాల కన్నులుగా అల్లిన కోళ్ల జాలీ కోళ్లను లోపల ఉంచడానికి పనికివస్తుందే తప్ప రకూన్‌ను ఆపడానికి పనికిరాదు. దానిని అది చించగలదు, చించకపోయినా కన్నుల గుండా చేయి పోనిచ్చి లోపలి కోడిని పట్టుకుని తల గాని కాలు గాని లాగేయగలదు. జాలీకి ఆనుకుని నిద్రపోయే కోళ్లు ఎక్కువగా ఇలాగే చనిపోతాయి. దీనికి మందు హార్డ్‌వేర్ క్లాత్ అని అమ్మే, అర అంగుళం గళ్ల వెల్డింగ్ మెష్. 19 గేజ్ తీగ అయితే సరిపోతుంది. దానిని స్టేపుల్ పిన్నులతో కొట్టడం దండగ, ఎందుకంటే ఒక మూల దొరికితే రకూన్ మిగతా పిన్నులన్నింటినీ వరుసగా ఊడబెరుకుతుంది. వెడల్పాటి వాషర్లు వేసి స్క్రూలతో బిగించాలి. గాలి కోసం పైన వదిలిన కిటికీలనూ కప్పాలి, చెట్టెక్కి తలకిందులుగా దిగగల జంతువుకు పైకప్పు ఎత్తు ఒక లెక్క కాదు. నేలను తవ్వి రాకుండా గోడ అడుగు నుంచి బయటికి ఒకటి రెండు అడుగుల వెడల్పున అదే మెష్‌ను నేల మీద పరిచి బిగించడం మరో అవసరం.

తలుపు ఫ్రేమును బిగించడానికి పెట్టెలో వచ్చే పొట్టి స్క్రూలను నేను వాడలేదు. గోడ పలక పలచనిదైతే, ఎంత మంచి తలుపైనా ఫ్రేముతో సహా ఊడివస్తుంది. లోపలి వైపు ఒక చెక్క పట్టీ వేసి బోల్టులతో బిగిస్తే ఆ బెంగ ఉండదు. గుడ్లు తీసే పెట్టె మూత, మనిషి వెళ్లే తలుపు కూడా ఇంతే జాగ్రత్తను కోరతాయి. కొక్కెం, తిప్పుడు గడియ, పక్కకు జరిపే గొళ్లెం రకూన్‌కు తెలిసిన విద్యలే. ఒకేసారి రెండు భిన్నమైన కదలికలు కోరే గడియ, లేదా గొళ్లెం రంధ్రంలో స్ప్రింగు కొక్కెమో తాళమో వేయడం తప్పనిసరి.

మినుకుమినుకుమనే దీపాలు, కదలికకు వెలిగే లైట్లు రకూన్లను తరిమేస్తాయని అమ్మేవారు చెబుతారు. మొదట కొంత బెదరుతాయి, ప్రమాదం లేదని తెలిశాక అలవాటు పడతాయి. కాబట్టి వాటిమీద ఆధారపడి ఈ తలుపును వాయిదా వేయడం సరికాదు. బోనులో పట్టి దూరంగా వదలడాన్ని అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాలు నిషేధించాయి లేదా అనుమతికి లోబడి ఉంచాయి. రేబిస్ ఒక వంక, వాటి మలంలో ఉండే గుండ్రటి పురుగుల గుడ్లు మరొక వంక ఉన్నందున వాటి జోలికి చేత్తో పోకపోవడమే మంచిది. మేతను బిగువైన మూత ఉన్న లోహపు డబ్బాలో పెట్టి, గుడ్లను సాయంత్రానికల్లా తీసేస్తే, అవి ఆ పెరటిని వెతుక్కుంటూ వచ్చే కారణమే కొంత తగ్గుతుంది.

మెష్ పని పూర్తయిన గూటికి ఈ తలుపును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కోళ్ల జాలీతోనే నెట్టుకొస్తున్నవారు ముందుగా ఆ డబ్బును మెష్ మీద పెట్టాలి, తలుపును కొన్నాళ్లు చేత్తో మూసుకోవచ్చు. బాతులు పెంచేవారికి మాత్రం దీనివల్ల పెద్దగా ప్రయోజనం లేదు. అవి కోళ్లలా వేళకు గూడు చేరుతాయన్న నమ్మకం లేదు కనుక, మనిషే వెళ్లి వాటిని లోపలికి తోలి తలుపు వేయాలి.