ఆరేళ్లు వాడిన కార్డుల పెట్టె: నీలం కంటే పసుపే పనికొచ్చింది

నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపూర్ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అన్నీ నావే. 2018 డిసెంబర్‌లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు పోయినప్పుడు 480 రూపాయలు పెట్టి పిల్లల కోసం ఒక కార్డుల పెట్టె కొన్నాను. సాహిత్య పదాలు, చదివి అర్థం చేసుకునే నైపుణ్యాలు నేర్పడానికని పైన రాసి ఉంది. 2019 జూన్ నుంచి వాడుతున్నాను. తప్పులు కూడా చెప్పబోతున్నాను కాబట్టి అచ్చు వేసినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టె చేతికొస్తే ఎట్లా వాడాలో తెలిస్తే చాలు.

లోపల 120 కార్డులు. నీలం రంగువి 60: ముందు వైపు ఉపమ, రూపకం, మకుటం, ఇతివృత్తం, ప్రక్రియ లాంటి పదం, వెనుక నిర్వచనం, ఒక ఉదాహరణ. పసుపువి 40: ఐదారు వాక్యాల చిన్న గద్యం, కింద మూడు ప్రశ్నలు. ఆకుపచ్చవి 20, ఆటల కోసం. నీలం కార్డులన్నీ అయ్యాక పసుపువి తీయమని పెట్టెలోని కాగితంలో ఉంది. దసరా దాకా అట్లాగే చేశాను. ఆ నెలలు పూర్తిగా వృథా పోయాయి.

'ఇతివృత్తం' కార్డు వెనుక 'కథకు ఆధారమైన వస్తువు' అని ఉంది. ఆరో తరగతి పిల్లవాడు లేచి "వస్తువంటే సామానా టీచర్?" అని అడిగాడు. వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. వాడి ఇంట్లో వస్తువంటే బిందె, మంచం, టీవీ. 'ప్రక్రియ' అంటే కథ, కవిత, నాటకం లాంటి రచనా రూపం, ఆ మాట అనగానే ఇంకొకరు కిరణజన్య సంయోగక్రియ చెప్పారు, సైన్స్ సారు అప్పుడే ఆ పాఠం ముగించారు మరి. నిర్వచనాలు కంఠతా వచ్చాయి. కానీ కథ చదివి ఇతివృత్తం చెప్పమంటే మొదటి నుంచి చివరి దాకా కథంతా అప్పజెప్పేవాళ్లు. సారాంశానికి, ఇతివృత్తానికి తేడా అందలేదు. నిర్వచనం వల్ల అందదు కూడా.

దసరా సెలవుల తర్వాత నీలం కట్ట పక్కన పెట్టి పసుపు కార్డులు తీశాను. ఈ పెట్టె విలువంతా వాటిలోనే ఉందని అప్పుడు తెలిసింది. మూడు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు వాక్యంలోనే ఉంటుంది. రెండోదానికి రెండు వాక్యాలను కలిపి చూసుకోవాలి. మూడోదానికి చదివినదాన్ని మన బతుకుతో కలిపి ఆలోచించాలి. వీటన్నిటి కింద, ప్రతి కార్డు మీద, చిన్న అక్షరాల్లో ఒకే వాక్యం ఉంటుంది: 'ఏ మాట చూసి చెప్పావు?' పెట్టెలో ఈ ఒక్క వాక్యం మిగిలి, మిగతావన్నీ పోయినా నేను మళ్లీ 480 రూపాయలు పెడతాను.

ఒక కార్డు సంగతి చెప్తాను. ఒక ముసలాయన తెల్లవారుజామున సంచి సర్దుకుని అరుగు మీద కూర్చుంటాడు. రోడ్డు వైపు రెండుసార్లు చూస్తాడు. బస్సు వచ్చి ఆగుతుంది, ఆయన ఎక్కడు, బస్సు పోతుంది. 'ఆయన ఎందుకు ఎక్కలేదు?' అని రెండో ప్రశ్న. ఊరు విడవడం ఇష్టం లేక అని జవాబుల కాగితంలో ఉంది. మా ఏడో తరగతిలో ఒక అబ్బాయి "గుంపు మేస్త్రి రాలే టీచర్, అందుకే ఎక్కలే" అన్నాడు. ఏ మాట చూసి చెప్పినవ్ బిడ్డా అని అడిగాను. "రోడ్డు దిక్కు రెండుసార్లు చూసిండని ఉంది కదా. ఊరు ఇడువ బుద్ధి కాకపోతే ఇంటి దిక్కు చూడాలె" అన్నాడు. వాడి అమ్మానాన్నలు పుణె దగ్గర కట్టుబడి పనికి పోయి ఉన్నారప్పుడు. కూలీలను కూడగట్టి తీసుకుపోయే మేస్త్రి అడ్వాన్సు ఇవ్వడం, చీకటితోనే జీపు రావడం, అవ్వ దగ్గర వదిలిపోవడం, అన్నీ వాడికి తెలుసు. జవాబుల కాగితంలో ఉన్నదాని కంటే వాడి జవాబుకే గద్యంలో ఆధారం గట్టిగా ఉంది. ఆ రోజే ఆ కాగితాన్ని పెట్టెలోంచి తీసేశాను. కొనేవాళ్లకు నా మొదటి సలహా ఇదే: జవాబుల కాగితం పిల్లల కంట పడనివ్వకండి, మీరు కూడా ముందే చూడకండి.

పసుపు కార్డులతో కొన్ని నెలలు గడిచాక నీలం కార్డులు మళ్లీ తెరిచాను, ఈసారి తలకిందులుగా. ముందు పిల్లల మాట, తర్వాత దాని పేరు. మీ ఇంట్లో ఎవరి గురించైనా ఒక్క వాక్యం చెప్పమన్నాను. ఒక అమ్మాయి "మా అమ్మ అరిచేయి ఇసుర్రాయి లెక్క ఉంటది" అంది. క్లాసు నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి వెనుక బెంచీ నుంచి ఎవరో "ఎట్ల?" అన్నారు. "గరుకుంటది" అంది. ఉపమ పాఠం మొత్తం ఆ రెండు మాటల్లోనే వచ్చేసింది. అమ్మ అరిచేయి ఉపమేయం. ఇసుర్రాయి ఉపమానం. గరుకుదనం సమానధర్మం. 'లెక్క' ఉపమావాచకం. మొదట చెప్పిన వాక్యంలో సమానధర్మం లేదు కాబట్టి అది లుప్తోపమ. 'గరుకు' చేరాక నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. పదో తరగతికి వచ్చినా చాలామందికి చిక్కని ఈ తేడాను ఆరో తరగతి పిల్లలు ఒక్క 'ఎట్ల'తో పట్టుకున్నారు.

కానీ నీలం కార్డు మీద ఉపమావాచకాలంటే 'వలె, లాగా, పోలి' అనే ఉన్నాయి. 'లెక్క' లేదు, 'తీరు' లేదు, 'ఓలె' లేదు. మా పిల్లలు రోజుకు వందసార్లు పోలికలు చెప్తారు, ఆ వందసార్లూ 'లెక్క' అనే అంటారు. ఆ మాట కార్డు మీద కనబడకపోతే తాము మాట్లాడేదాంట్లో అలంకారం లేదనుకుంటారు. అది నాకు బాధగా ఉంటుంది. ఉదాహరణలన్నీ ఒకే ప్రాంతపు మాటలో ఉండటం ఈ పెట్టె పెద్ద లోపం. నేను స్కెచ్ పెన్‌తో ఆ మూడు మాటలూ చేర్చాను.

శబ్దాలంకారాల కార్డులూ అంతే. వృత్త్యనుప్రాసకు పాత ఉదాహరణ 'భక్ష్యం, లక్ష్యం' వేశారు. పిల్లలకు భక్ష్యమంటే తెలియదు. 'నల్ల లారీ తెల్ల లారీ' గుక్క తిప్పుకోకుండా అనమంటే మాత్రం క్లాసంతా లేస్తుంది, ఒకే హల్లు ఎన్నిసార్లు వచ్చిందో వాళ్లే లెక్కపెడతారు. పాదాల చివర ఒకే ధ్వని వచ్చే అంత్యానుప్రాసకు 'ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినంక బోడి మల్లన్న' సరిపోయింది. సోమశిల దగ్గర కృష్ణ దాటే పడవలు చూసిన పిల్లలు కాబట్టి సామెత అర్థం విడిగా చెప్పాల్సిన పని పడలేదు. బతుకమ్మ పాటలోని 'ఉయ్యాలో' మకుటమా అని ఒకసారి అడిగారు. వేమన పద్యం చివర వచ్చే 'విశ్వదాభిరామ వినురవేమ' పద్యానికి ఒక్కసారే వస్తుంది, 'ఉయ్యాలో' చరణం చరణానికీ తిరిగి వస్తుంది, ఒకటి సంతకం లాంటిది, రెండోది అందరూ కలిసి అందుకునేది అని చెప్పాను. కార్డులో ఈ తేడా లేదు, ఉంటే బాగుండేది.

ఛందస్సు కార్డులు పది. పొట్టిగా పలికే అక్షరం లఘువు, సాగేది గురువు, వాటి గుంపు గణం. వాటిలో ఒకదాంట్లో అచ్చుతప్పు ఉంది. 'పుస్తకం' అనే పదానికి లఘువు, లఘువు, గురువు అని గుర్తులు వేసి స గణం అన్నారు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది కదా, కాబట్టి 'పు' గురువు, 'స్త' లఘువు, 'కం' గురువు. అది ర గణం. దీన్ని పట్టింది నేను కాదు, ఎనిమిదో తరగతి అమ్మాయి. లఘువుకు చిటికె, గురువుకు చప్పట్లు వేసే అలవాటు చేశాను. చేతులు కార్డుతో ఏకీభవించలేదని చెప్పింది.

ఈ చిటికె, చప్పట్లు తర్వాత బస్టాండ్ దాకా పోయాయి. బోర్డుల మీది ఊళ్ల పేర్లకు గణాలు కట్టారు. గద్వాల త గణం, వనపర్తి సల, షాద్‌నగర్ ర గణం. మూడూ ఇంద్ర గణాలే. 'బస్సు' గలం, అంటే సూర్య గణం. మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం కలిస్తే ద్విపద పాదం, ద్విపద అంటే రెండు పాదాల పద్యం. 'గద్వాల వనపర్తి షాద్‌నగర్ బస్సు' అని రాసి తెచ్చారు! మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి, దాన్నే యతి అంటారు, అది కుదరలేదు, గ-షా లకు మైత్రి లేదు. అది చెప్తే మళ్లీ పోయి ఇంకో ఊరు వెతికారు. ద్విపదలో రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డి ఏలిన వర్ధమానపురం మన జిల్లాలో బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమానేనని అప్పుడు చెప్పాను. వాళ్లలో ఇద్దరికి ఆ మండలంలో చుట్టాలున్నారు. పదమూడో శతాబ్దం అనగానే ముఖం తిప్పుకునే పిల్లలు, చుట్టాల ఊరనేసరికి వినడం మొదలుపెట్టారు. కార్డుల్లో కవుల పేర్లు ఉన్నాయి గానీ, ఏ కవిదీ ఊరు లేదు.

2020లో బడులు మూతపడ్డాక సెప్టెంబర్ 1 నుంచి టీ-సాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒకే ఫోను, అదీ నాన్నతోపాటు పనికి పోయేది. పసుపు కార్డులు జిరాక్స్ తీసి ఇంటికి రెండేసి పంచాను. మళ్లీ 2021 సెప్టెంబర్‌లో బడి తెరిచినప్పుడు ఆ కాగితాలు మడతలు పడి, నూనె మరకలతో వెనక్కి వచ్చాయి. ఒకదాని వెనుక వాళ్ల అవ్వ చెప్పిన పొడుపుకథ రాసి ఉంది. ఏడాదిన్నరలో చదవడం మరిచిపోయినవాళ్లు ఉన్నారు, కార్డులు దాన్ని ఆపలేదు. చదివినదాని గురించి ఇంట్లో మాట్లాడుకున్న పిల్లలు మాత్రం త్వరగా తేరుకున్నారు.

తండాల నుంచి వచ్చే పిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఇంట్లో గోర్ బోలి, అంటే లంబాడీ భాష, బడిలో తెలుగు. అమ్మను 'యాడి' అని పిలిచే పిల్లవాడికి ఈ పెట్టెలోని తెలుగే రెండో భాష, దాని మీద సాహిత్య పదాలు మూడో భాష. పెట్టె చేసినవాళ్లకు ఈ పిల్లలు తట్టనే లేదు. పసుపు కార్డులో మూడో ప్రశ్నను వాళ్ల భాషలోనే చర్చించుకోనిచ్చి, జవాబు మాత్రం తెలుగులో చెప్పమంటాను. పోలికలు, సామెతలు వాళ్ల బోలిలోంచి ముందు తెచ్చుకుంటే తెలుగు పేరు త్వరగా అతుకుతుంది. ఇది నాకు నాలుగో ఏడు గానీ తట్టలేదు, అంతకుముందు వచ్చిన పిల్లలకు చేయలేకపోయాను.

కార్డుల నాణ్యత ఫర్వాలేదు. లామినేషన్ అంచులు రెండో వానాకాలానికే లేచాయి, అట్టపెట్టె మూడో ఏడు చిరిగింది, ఇప్పుడు చెప్పుల డబ్బాలో ఉన్నాయి. 14 కార్డులు పోయాయి. ఆకుపచ్చ ఆటల కార్డులు రెండుసార్లకు మించి తీయలేదు, నియమాలు చదివేసరికి పీరియడ్ అయిపోతుంది.

ఇసుర్రాయి చెప్పిన అమ్మాయి 2024లో పది పాసైంది. ఇప్పుడు నా దగ్గర ఆ వాక్యం ఒక కొత్త నీలం కార్డు మీద ఉంది, ఆమె చేతిరాతతో.

ఇంట్లో ఒక్క పిల్లవాడి కోసం కొనాలా అంటే, కొనండి, కానీ పసుపు కట్ట మాత్రమే వాడండి, అదీ భోజనాల దగ్గర, వారానికి ఒకటి. బడికైతే రెండు పెట్టెలు తీసుకోండి, నలభై మందికి ఒకటి చాలదు. పోయిన జనవరిలో ఒక స్నేహితురాలి కోసం కొత్త పెట్టె తెప్పించాను, ధర 650 అయింది. 'పుస్తకం' ఇంకా స గణంగానే ఉంది. పిల్లలకు ఇచ్చే ముందు ఆ కార్డు వెతికి, పెన్నుతో మొదటి లఘువును గురువు చేయండి.