ఓజీఆర్‌2ఓజీఆర్: మోత బాగుంది, చీటీ మాత్రం మీరే చూసుకోవాలి

షేప్‌ఫైల్‌ను (పటాల డేటా ఫైల్) పోస్ట్‌జీఐఎస్‌లోకి (పటాల డేటా దాచే డేటాబేస్) ఎక్కించడానికి ఎక్కువమంది వాడేవి రెండే: పోస్ట్‌జీఐఎస్‌తోపాటు వచ్చే ఎస్‌హెచ్‌పీ2పీజీఎస్‌క్యూఎల్, జీడాల్ అనే పటాల డేటా సాఫ్ట్‌వేర్‌లోని ఓజీఆర్‌2ఓజీఆర్. రెండూ ఉచితమే. మొదటిది, అంకెలు ఏ కొలత పద్ధతిలో ఉన్నాయో చెప్పే పీఆర్‌జే ఫైల్ వైపు కన్నెత్తి చూడదు. మైనస్ ఎస్ ఆప్షన్ ఇవ్వకపోతే ఎస్‌ఆర్‌ఐడీ (ఆ పద్ధతి నంబర్) 0, అంటే తెలియదని, వేసి ఊరుకుంటుంది. తర్వాత 4326లో (మామూలు జీపీఎస్ డిగ్రీల నంబర్) ఉన్న టేబుల్‌తో, ఆకారాలు ఒకదాన్నొకటి తాకుతున్నాయో చూసే ఎస్‌టీ_ఇంటర్‌సెక్ట్స్ నడిపితే ‘మిక్స్‌డ్ ఎస్‌ఆర్‌ఐడీ’ అని ఎర్రర్ కొడుతుంది. కొట్టడమే నయం, తప్పు నంబర్ పడితే ఆ ఎర్రర్ కూడా రాదు.

ఓజీఆర్‌2ఓజీఆర్ పీఆర్‌జే చదువుతుంది, చాలాసార్లు సరైన ఈపీఎస్‌జీ (ఆ పద్ధతుల ప్రామాణిక జాబితా) నంబర్ తానే పట్టేస్తుంది. పట్టలేకపోతే, పోస్ట్‌జీఐఎస్ ఈ నంబర్లు దాచుకునే స్పేషియల్_రెఫ్_సిస్ టేబుల్‌లో సొంతంగా ఓ కొత్త నంబర్ చేర్చి అదే తగిలిస్తుంది. ఎక్కడా వినని ఎస్‌ఆర్‌ఐడీ కనిపిస్తే కారణం ఇదే.

దీంతో చిక్కంతా రెండు ఆప్షన్ల దగ్గరే. టీ_ఎస్‌ఆర్‌ఎస్ లెక్కగట్టి అంకెలు మారుస్తుంది. ఏ_ఎస్‌ఆర్‌ఎస్ డబ్బా మీద చీటీ మాత్రమే మారుస్తుంది. కందిపప్పు డబ్బాకు పంచదార అని అంటించినా కిమ్మనదు. హైదరాబాద్ డిగ్రీల్లో 78.48, 17.38. యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి) జోన్ 44లో, అంటే 32644లో, 2.3 లక్షలు, 19.2 లక్షల మీటర్లు. లోడ్ కాగానే డేటా హద్దులు చూపే ఎస్‌టీ_ఎక్స్‌టెంట్ నడిపితే ఏ అంకెలో కళ్లకే తెలుస్తుంది. లక్షల అంకెల మీద 4326 చీటీ ఉంటే ముందు ఎస్‌టీ_సెట్‌ఎస్‌ఆర్‌ఐడీతో 32644 అని దిద్దాలి, ఆ తర్వాతే అంకెలు మార్చే ఎస్‌టీ_ట్రాన్స్‌ఫార్మ్. కాలమ్‌కు ఎస్‌ఆర్‌ఐడీ బిగించి ఉంటే మామూలు అప్‌డేట్ ఒప్పుకోదు, ఆల్టర్ టేబుల్‌లో యూజింగ్‌తో మార్చాలి.

జోన్ తప్పు ఇంతకన్నా మాయదారిది, ఎందుకంటే అంకెలు సబబుగానే కనిపిస్తాయి. 78 డిగ్రీలకు పడమర ఉన్న అనంతపురం, జహీరాబాద్ జోన్ 43, అంటే 32643. మిగతా తెలుగు నేల దాదాపు అంతా 44, ఇచ్ఛాపురం కొస 45. అనంతపురం డేటాకు 32644 అంటిస్తే ఆరు డిగ్రీలు తూర్పుకు జరిగి, ఊరు బంగాళాఖాతంలో తేలుతుంది.

అక్షాంశం, రేఖాంశం తారుమారైతే హైదరాబాద్ ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్‌కు చేరుతుంది. ఇది తేలిక కేసు: ఎస్‌టీ_ఫ్లిప్‌కోఆర్డినేట్స్ ఒక్కటి చాలు.

పాత టోపోషీట్ల (ప్రభుత్వ సర్వే పటాలు) నుంచి గీసిన డేటాతోనే అసలు జాగ్రత్త. అవి భూమి ఆకారానికి పాత లెక్కైన ఎవరెస్ట్ దీర్ఘగోళం మీదివి, 4326ది వేరే లెక్క. డిగ్రీలే కదా అని 4326 అంటిస్తే వంద మీటర్ల స్థాయిలో జరుగుతాయి. జిల్లా పటంలో కనపడదు, సర్వే నంబర్ల దగ్గర పొలం గట్టు పక్కవాడి చేలో పడుతుంది. షీట్ ఆ పాత లెక్కలో ఒక రకమైన కల్యాణ్‌పూర్ 1975దైతే, మూలం పద్ధతి చెప్పే ఎస్_ఎస్‌ఆర్‌ఎస్‌కు 4146, టీ_ఎస్‌ఆర్‌ఎస్‌కు 4326 ఇవ్వండి.

వాడదగ్గది ఓజీఆర్‌2ఓజీఆరే. ఒకే ఫైల్‌లో ఒంటి ఆకారాలు, పలు ముక్కల ఆకారాలు (మల్టీపాలిగాన్) కలిసి వచ్చే గొడవ రాకుండా, ఆకారం రకం చెప్పే ఎన్‌ఎల్‌టీ ఆప్షన్‌కు ప్రమోట్_టు_మల్టీ కూడా జతచేయండి.