ముడిచమురులో పాదరసం: కాల్చి కొలవాలా, ఆమ్లంలో కరిగించాలా?

ముడిచమురులో పాదరసం సాధారణంగా పీపీబీల్లోనే ఉంటుంది, అంటే వంద కోట్ల పాళ్లలో ఏవో కొన్ని పాళ్లు. అంత తక్కువే కదా అని వదిలేయడానికి లేదు. రిఫైనరీలో ఉత్ప్రేరకాలను పాడుచేస్తుంది, అల్యూమినియం పరికరాలను తినేస్తుంది. 1973లో అల్జీరియాలోని స్కిక్డా ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) ప్లాంటులో అల్యూమినియం హీట్ ఎక్స్‌చేంజర్ (వేడిని ఒక ప్రవాహం నుంచి మరోదానికి మార్చే పరికరం) దెబ్బతిన్నది సహజవాయువులోని పాదరసం వల్లే.

పాత దారి ఆమ్లంలో కరిగించడం. నమూనాను నైట్రిక్ ఆమ్లంతో మూసిన పాత్రలో మైక్రోవేవ్‌లో వేడిచేసి, స్టానస్ క్లోరైడ్‌తో పాదరసాన్ని ఆవిరిగా మార్చి, 253.7 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుందో చూస్తారు. పద్ధతి గట్టిదే, కానీ చమురు అంత తేలిగ్గా కరగదు. పాత్ర తెరిచినప్పుడు కొంత పాదరసం ఎగిరిపోవచ్చు, ఆమ్లంలోనే ఉన్న పాదరసం లెక్కలో కలవొచ్చు.

నా ఓటు కాల్చే పద్ధతికే. పడవ ఆకారంలో ఉండే చిన్న పింగాణీ పాత్రలో (దాన్ని పడవ అనే అంటారు) కాస్త చమురు వేసి, అది చిట్లకుండా పైన పొడి కప్పి, కొలిమిలోకి తోస్తారు. వచ్చిన ఆవిరిలోని పాదరసాన్ని బంగారం పట్టుకుంటుంది, మిగతా పొగ బయటికి పోతుంది. ఆ తర్వాత బంగారాన్ని వేడిచేస్తే పాదరసం ఒక్కసారిగా విడుదలవుతుంది, అది కాంతిని ఎంత పీల్చుకుందో ఇక్కడా అలాగే చూస్తారు. బంగారం పట్టుకునే ఆ మధ్య మెట్టే ఈ పద్ధతి బలం: చమురులోని ఆరోమాటిక్ పదార్థాలు (బెంజీన్ లాంటి వలయాలున్నవి) కూడా దాదాపు అదే కాంతిని పీల్చుకుని దొంగ అంకె చూపించగలవు, ఇక్కడ వాటికి ఆ అవకాశమే ఉండదు. ఇది పరీక్షా ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ పద్ధతి డీ7623. బంగారం లేకుండా జీమన్ సవరణతో (అయస్కాంత క్షేత్రం సాయంతో ఇతర పదార్థాలు పీల్చిన కాంతిని లెక్కలోంచి తీసేయడంతో) ఆ అడ్డును దాటేది డీ7622. అదీ మంచిదే, కానీ పాదరసం మరీ తక్కువున్న నమూనాకు నేను బంగారాన్నే నమ్ముతాను.

చమురును ద్రావకంలో పలచన చేసి నేరుగా ఐసీపీ-ఎంఎస్‌కు (ప్లాస్మాలో అయాన్లుగా మార్చి ద్రవ్యరాశిని బట్టి మూలకాలను కొలిచే యంత్రానికి) ఇవ్వడం వేగంగా అయిపోతుంది. కానీ తేలిగ్గా ఆవిరయ్యే పాదరస రూపాలు అక్కడ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి.

కాల్చే పద్ధతికీ ఒక లోపం ఉంది: పడవలో పట్టేది చాలా కొంచెం. పాదరసం సల్ఫైడ్ రేణువులుగా ఉంటే సీసా అడుగుకు చేరుతుంది. అందుకే బాగా కలిపి, ఒకే సీసా నుంచి మూడు పడవలైనా కాల్చాలి. అంకెలు చెదిరితే యంత్రం కన్నా ముందు నమూనాను అనుమానించండి. ఇక ప్లాస్టిక్ సీసా అసలొద్దు, దాని గోడల గుండా పాదరసం బయటికి పోతుంది. గాజు సీసాలో మూత దాకా నింపి, వీలైనంత త్వరగా కొలవాలి.