భువనగిరా, దేవరకొండా, రాచకొండా? మొదటిసారి గుట్ట ఎక్కేవాళ్ళకు ఏది మేలు

గుట్ట ఎక్కుదామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ‘ఎంత ఎత్తుంటది?’ అని. పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గుట్టలకు ఆ ప్రశ్నతో పెద్దగా పని లేదు. వీటిలో ఏదీ ఎత్తుతో మనిషిని పడగొట్టేది కాదు. కాలికింద ఉన్నది నున్నటి బండా, పాత మెట్లా, ముళ్ళపొదల నడుమ మట్టి తొవ్వా అన్నదాన్ని బట్టే నడక సులువో కష్టమో తేలుతుంది. మరీ ముఖ్యంగా దిగేటప్పుడు.

అందరూ మొదట పోయేది భువనగిరికే. రైలు ఉంది, బస్సు ఉంది, హైదరాబాదు నుంచి 50 కిలోమీటర్ల లోపే. 500 అడుగులకు పైగా లేచిన ఏకశిల. పశ్చిమ చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, జనం నోట్లో భువనగిరిగా మిగిలింది. మామూలు నడక వచ్చినవాళ్ళు 30 నుంచి 45 నిమిషాల్లో పైకి చేరతారు. తొవ్వ తప్పిపోయే భయం లేదు. మెట్లు, ద్వారాలు, ఆ తర్వాత బండ, అంతే. పైన పాత మహల్, నీళ్ళ దొనలు, ఫిరంగులు ఉన్నాయి.

ఇంత సులువైనదాంట్లో ఇబ్బంది ఎక్కడంటే ఆ బండలోనే. గ్రానైటు రాయి ఎండకు పొరలు పొరలుగా ఊడి, సన్నటి గరుకు ఇసుకగా రాలుతుంది. వాలు బండ మీద ఆ ఇసుక పలుచగా పరుచుకుని ఉంటే, జొన్నగింజల మీద అడుగు వేసినట్టే. ఎక్కేటప్పుడు బరువు ముందుకు ఉంటుంది కాబట్టి తెలియదు. దిగేటప్పుడు మడమ ముందు ఆనించినవాళ్ళు సర్రున జారి కూర్చుంటారు. భయంతో వెనక్కి వాలితే ఇంకా జారుతుంది. పాదం మొత్తం ఒకేసారి ఆనేలా, మోకాలు కొంచెం వంచి, చిన్న చిన్న అడుగులతో దిగాలి. వాలు ఎక్కువున్నచోట పక్కకు తిరిగి దిగడం మేలు. హవాయి చెప్పులు, అరిగిన సోలు బూట్లు ఇక్కడ పనికిరావు. కొత్తగా కొన్న గట్టి ప్లాస్టిక్ సోలు కూడా అంతే. మెత్తటి రబ్బరు సోలు బండను పట్టుకుంటుంది.

రెండోది వేడి. బండ పొద్దంతా ఎండ తాగి, సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటుంది. నాలుగు గంటలకు గాలి చల్లబడిందని ఎక్కితే కింద నుంచి సెగ తగులుతుంది. ఇది టికెట్ తీసుకుని లోపలికి పోయే కోట, కాబట్టి ఎండాకాలంలో తెల్లారకముందే ఎక్కి దిగిపోదామన్నా కుదరదు. మార్చి నుంచి జూన్ దాకా దీన్ని మరిచిపోవడమే మంచిది. వానాకాలంలో నీళ్ళు జారే చారల మీద నల్లటి పాచి పడుతుంది. ఎండినప్పుడు అది మరకలాగే కనబడుతుంది గానీ, చినుకు పడితే నూనె పోసినట్టవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం దీనికి సాటి లేదు.

ఇక్కడే రాక్ క్లైంబింగ్ శిక్షణ కేంద్రం కూడా ఉంది. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఈ బండల మీదే. తాళ్ళు కట్టుకుని ఎక్కేవాళ్ళను చూసి పిల్లలు ఉత్సాహపడతారు. వాళ్ళు ఎక్కే తొవ్వ వేరు, మెట్ల తొవ్వ వేరు. తాడు లేకుండా ఆ పక్కకు పోనియ్యొద్దు.

దేవరకొండ దీనికి పూర్తిగా ఉల్టా. ఊరు కోట కిందే ఉంది. ఏడు గుట్టలను కలుపుతూ కట్టిన 14వ శతాబ్దపు కోట, రేచెర్ల పద్మనాయకులది. హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా బస్సులో పోవచ్చు. ఇక్కడ ఎక్కుడు కన్నా నడక ఎక్కువ. ద్వారం దాటితే ఇంకో ద్వారం, గోడ వెంట ఇంకో గోడ, మధ్యలో గుళ్ళు, బావులు. అన్నీ చూడాలంటే మూడు నాలుగు గంటలు కావాలి. నేల ఎక్కువగా మట్టి, పాత మెట్లు. అందుకే దూరం ఎక్కువైనా మోకాళ్ళకు భువనగిరి కన్నా ఇదే నయం. ఈ మాట చాలామందికి నమ్మబుద్ధి కాదు. అరగంట ఎక్కుడే సులువని అనుకుంటారు. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకు అరగంట బండ దిగడం కన్నా రెండు గంటల మట్టి తొవ్వ హాయి.

దీని చిక్కు వేరే ఉంది. మేకల బాటలు ఎక్కడపడితే అక్కడ చీలిపోతాయి. పోయేటప్పుడు కనబడిన తొవ్వ, వచ్చేటప్పుడు అటువైపు నుంచి చూస్తే పోల్చుకోలేం. ప్రతి ద్వారం దాటగానే వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి. దిగేటప్పుడు కళ్ళకు కనబడేది ఆ రూపమే. కోటగోడ ఏ చేతివైపు ఉందో గుర్తుపెట్టుకుంటే ఇంకా మంచిది. తప్పిపోయామనిపిస్తే పొదల్లోకి అడ్డంగా దిగొద్దు, చివరిగా చూసిన ద్వారం దగ్గరికే వెనక్కి రావాలి.

వానలు వెలిసిన రెండు నెలలు గడ్డి మోకాలి దాకా పెరుగుతుంది. గట్టు లేని పాత బావులు ఆ గడ్డిలో కలిసిపోయి కనబడవు. పిల్లల చెయ్యి వదలొద్దు. నిండు ప్యాంటు, సాక్సులు వేసుకోవాలి, లేకపోతే రేగుముళ్ళు, పల్లేరుకాయలు వదలవు. చేతికర్రతో ముందు నేల తట్టుకుంటూ నడిస్తే పాములు తప్పుకుంటాయి. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోసి పీల్చొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చడమే పని. ఇక ఆ రోజుల్లోనే సీతాఫలాలు కూడా కాస్తాయి. కాయ కోసం పొదలో చెయ్యి పెట్టేకన్నా దిగాక గంపలో కొనుక్కుంటే పండినవే దొరుకుతాయి.

రాచకొండ కూడా పద్మనాయకులదే. అనపోతనాయకుడి కాలంలో ఆమనగల్లు నుంచి రాజధాని ఇక్కడికి మారింది. సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్ళను ఒకదానిమీద ఒకటి పేర్చిన గోడలు చూడాలంటే ఈ మూడింటిలో ఇదే మొదటిది. సంస్థాన్ నారాయణపురం వైపు నుంచి సొంత బండి మీద పోవాలి, బస్సును నమ్ముకుంటే తిరుగు ప్రయాణం సాగదు. కింది ద్వారాల దాకా నడక తేలికే. ఇంటిల్లిపాదీ పోయి అక్కడే కూర్చుని సద్ది తిని రావచ్చు. పైకోటకు పోయే తొవ్వలో గుండ్లు దాటాలి, అక్కడ చేతులు కూడా పని చెయ్యాలి. జనం ఉండరు. దాని అందమూ అదే, ప్రమాదమూ అదే. కాలు బెణికితే అడగడానికి మనిషి దొరకడు. నలుగురికి తక్కువైతే పైకి పోవద్దు.

పెద్ద గుండ్ల కింద తేనెతుట్టెలుంటాయి. వాటి దగ్గర పొగ పెట్టడం, అత్తరు కొట్టుకుని పోవడం, అరవడం మూడూ వద్దు. లేచాయంటే చేతులు ఊపకుండా, ముఖం తువ్వాలతో కప్పుకుని, దూరంగా పరుగెత్తాలి.

మహబూబ్‌నగర్ వాళ్ళు ఇంత దూరం రానక్కర్లేదు. కోయిలకొండ వాళ్ళకు పక్కనే ఉంది. కుతుబ్‌షాహీల కాలపు కోట, ద్వారం తర్వాత ద్వారంగా ఎక్కాలి. తొవ్వ తీరులో భువనగిరికీ దేవరకొండకీ నడుమ అనుకోవచ్చు. ముసలివాళ్ళను వెంటబెట్టుకుని పోతే అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం అన్నిటికన్నా మేలు. కొండ చరియ గొడుగులా గుడిని కప్పి ఉంటుంది, మధ్యాహ్నం కూడా నీడే. అక్కడి నుంచి ముందుకు నల్లమల, అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అడవిలోకి ఇష్టం వచ్చినట్టు నడవనివ్వరు, నడవకూడదు కూడా.

నీళ్ళు చలికాలంలో మనిషికి 2 లీటర్లు, ఎండ ముదిరాక 3. దొనల నీళ్ళు ఎంత తేటగా కనబడినా తాగొద్దు. ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని దానిమీద రాసినన్ని నీళ్ళలో (పెద్ద పొట్లమైతే లీటరు) కలపాలి. సగం పొట్లం సగం గ్లాసులో కలిపి తాగితే మేలు కన్నా కీడే ఎక్కువ. తిండి కవర్లో పట్టుకుని చేతిలో ఊపుకుంటూ పోతే కోతులు లాక్కుంటాయి, సంచిలో వేసుకోండి. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుము వినబడితే బండ మీద నిలబడొద్దు, ఒంటి చెట్టు కిందికీ పోవద్దు, కిందికి దిగడమే.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలతో, చలికాలంలో, ఒక్కపూటలో పోయి రావాలంటే భువనగిరి. మోకాళ్ళ మీద నమ్మకం లేనివాళ్ళకు, ఒక రోజంతా తీరిక ఉన్నవాళ్ళకు దేవరకొండ. రాచకొండ పైకోటను రెండో మూడో నడకకు దాచుకోండి. ఏ గుట్టకు పోయినా పొద్దుగూకడానికి గంటన్నర ముందే, శిఖరం ఇంకా పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. ఈ గుట్టల మీద దెబ్బలు తగిలేది ఎక్కువగా మసక వెలుతురులో తొందరపడి దిగేటప్పుడే.